మంచునేలలో రాయి శిథిలమగు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మలక్‌పేట వాసులకు రాయి క్రొత్త వస్తువు గాదు. అస్మాన్‌గఢ్ మహలు నిలిచిన మిట్టయు, 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధి గల గుట్టయు, దూరమున మౌలాలి కొండయు, అన్నియు ఒకే జాతి గ్రానైటు. దీని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లను జూచి, ఏ రాక్షసులో ఎత్తి పెట్టిరని పిల్లలు చెప్పుకొందురు. వానిని ఎత్తి పెట్టినవారెవరును లేరు. అవి ఉన్నచోటనే పుట్టినవి.

ఈ సంగతి బావులు త్రవ్వువారికి బాగుగా తెలియును. పైన మన్ను, దాని క్రింద మొరము, మొరము నడుమ అక్కడక్కడ గుండ్లు, అటుపిమ్మట గట్టిరాయి తగులును. వాననీరు రాతి పగుళ్ళలో దిగి, గ్రానైటులోని ఫెల్‌స్పారును మెల్లగా మెత్తని బంకమట్టిగా మార్చును. స్ఫటికపు రేణువులు మాత్రము మారక ఇసుకయై మిగులును. ఈ రెంటి కలయికయే మొరము. రాతి మూలలపై నీరు రెండు మూడు ప్రక్కలనుండి పనిచేయుటచే మూలలు ముందుగా నశించి, నడిమి భాగము గుండ్రనగును. తరువాతి వానలకు మొరము కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడును. ఈ పనియంతయు నీటిది, వేడిమిది. మంచుగడ్డకు ఇందు భాగము లేదు. హైదరాబాదులో చలి మిక్కిలి తీవ్రమై 1946 జనవరిలో ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగెను గాని, సున్నను చేరలేదు.

మరి ఎల్లకాలము గడ్డకట్టి యుండు ధ్రువప్రదేశములలో రాయి ఎట్లు శిథిలమగును? పాఠ్యపుస్తకములు చెప్పు సమాధానము చాల సులభము. పగులులోని నీరు గడ్డకట్టి నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బి, మేకు దిగగొట్టినట్లు రాతిని చీల్చునట. హిమాలయములవంటి చోట్ల, పగలు కరగి రాత్రి గడ్డకట్టు నీరు గల కొండవాలులలో, ఇది చాలవరకు సత్యమే. కాని మిక్కిలి చలిగల చోట్లకు దీనినే అన్వయించుట తొందరపాటు. మంచుమేకునకు ముందుగా నీరు కావలెను గదా!

అంటార్కిటికాలో నీటికి కరవు. ఆ ఖండమందలి వోస్తోక్ కేంద్రమున 1983 జూలై 21న ఉష్ణోగ్రత సున్నకు దిగువ 89.2 డిగ్రీలుగా నమోదయ్యెను. మంచు కప్పని నేల ఆ ఖండములో నూటికొక పాలు కూడ లేదు. అట్టి నేలలలో మెక్‌మర్డో పొడిలోయలు ప్రసిద్ధములు. 1903లో స్కాట్ బృందము వానిని మొదట చూచెను. అచ్చట కురియు కొద్దిపాటి మంచు చాలవరకు కరగి నీరు కాకయే ఆవిరియై పోవును. రాయి తడియుటయే అరుదు. పైగా మంచు రాతిని చీల్చుటకు ఉబ్బు ఒక్కటే కారణము గాదు. సున్నకు కొన్ని డిగ్రీల దిగువన గూడ సన్నని రంధ్రములలో కొంత నీరు గడ్డకట్టక మిగిలి, మెల్లగా మంచుగడ్డవైపు ప్రాకి దానిని పెంచును. మరింత చలియైనచో ఆ నీటి కదలికయే ఆగిపోవును. కావున అతిశీతలమున మంచుమేకు పని తగ్గునే గాని హెచ్చదు.

అచ్చటి పనివారు వేరు. మొదటివాడు సూర్యుడు. వేసవిలో గాలి సున్నకు దిగువనున్నను, ఎండ తగులు నల్లరాతి పైభాగము సున్నను చాల మించి వేడెక్కును. ఒక మబ్బు అడ్డుపడినను, ఒక్క గాలి వీచినను నిమిషములలో చల్లబడును. దక్కను రాతిగనులలో పూర్వము బండపై మంట వేసి, ఆ వేడికే పొరలెత్తెడివారు. అచ్చట ఆ పనిని మంట లేకయే ఎండ చేయుచున్నది.

రెండవది ఉప్పు. పాతబస్తీలోని పాత యిండ్లు గలవారికి దీనిని వివరింపనక్కరలేదు. గోడ అడుగున చెమ్మ ఎక్కి, నీరు ఆరిపోయి, లోన మిగిలిన ఉప్పు పలుకులుగా పెరిగి సున్నపు పెచ్చులను ఊడదీయును. ఎన్నిసార్లు సున్నము వేసినను అదే కథ! అంటార్కిటికాలో సముద్రపు తుంపరల ఉప్పు గాలితో వచ్చి రాళ్ళపై పడును. దానిని కడిగివేయుటకు వానలు లేవు. అది వేల సంవత్సరములుగా చేరి, కొద్దిపాటి తడితో రాతిలోనికి దిగి, పలుకులై, ఒక్కొక్క రేణువునే వెలికి త్రోయును. గట్టి గ్రానైటు సైతము తేనెపట్టువలె గుంతలు పడును. కొన్ని గుంతలలో మనిషి దూరి కూర్చుండవచ్చును. ఎడతెగని గాలి ఇసుకను విసరి విసరి, రాళ్ళను నున్నని ముఖములు గలవానిగా చెక్కును.

మూడవ పనివాడు మరియు విచిత్రము. 1976లో ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు, ఒకాంపో అను సహచరితో గూడి, పొడిలోయల రాళ్ళలోపల సూక్ష్మజీవులు బ్రతుకుచున్నవని ప్రకటించెను. చలికి, గాలికి వెరచి అవి ఇసుకరాతి పైపొర క్రింద కొద్ది మిల్లీమీటర్ల లోతున, వెలుగు చొరబడునంత మేర కాపురముండును. అచ్చటి లైకెనులు రేణువులను పట్టియుంచు బంధమును కరగించుటచే పైపెచ్చు ఊడిపోవును. అవి మరల కొంత లోనికి జరిగి బ్రతుకు సాగించును.

ఇందరు పనివారున్నను పని మాత్రము నత్తనడకయే. విశ్వకిరణములవలన స్ఫటికములో పుట్టు బెరిలియం-10 అను పరమాణువులను లెక్కించి శాస్త్రజ్ఞులు దీనిని కొలిచిరి. పొడిలోయల ఎత్తులందలి గట్టిరాళ్ళు పది లక్షల సంవత్సరములలో ఒక మీటరైనను అరుగవు.

దీనితో తెలుగునేలకేమి సంబంధమని అడుగవచ్చును. సంబంధము కలదు. సింహాచలము, విశాఖపట్టణపు కైలాసగిరి, అరకు కొండలు ఖొండలైటు అను రాతితో ఏర్పడినవి. ఆ కొండలలో నివసించు ఖోండు జనుల పేరే ఆ రాతికి వచ్చినది. దాదాపు 100 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ తూర్పుకనుమలును, తూర్పు అంటార్కిటికాయు ఒకే పర్వతశ్రేణిగా కలిసియుండెను. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట విడిపోయెను. 2012లో భారతి పరిశోధనకేంద్రము నెలకొన్న లార్సెమన్ కొండలలో గార్నెటు, సిల్లిమనైటు గల అట్టి రాళ్ళే కలవు.

ఒకే కుటుంబపు రాయి రెండు దేశములలో రెండు గతులు పొందినది. అనంతగిరి, గాలికొండలలో వానయు వేడిమియు ఖొండలైటును ఎర్రమట్టిగా, బాక్సైటుగా మార్చినవి. చెడని రాయి కావలెనన్న పలుచోట్ల లోతుగా త్రవ్వవలెను. లార్సెమన్ కొండలలో రాయి కంటియెదుటనే నిగనిగలాడుచుండును. చలి ఒక్కటే దీనికి కారణమనుట సరిగాదు. 3.4 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ ఖండమును మంచు కప్పుటకు పూర్వము అచ్చట అడవులుండెను, మన్నును ఉండెను. ఆ మన్నును మంచుపలకలు గీకి సముద్రమున కలిపినవి. బయటపడిన రాతిపై క్రొత్త మన్ను పుట్టనీయనిది మాత్రము చలియు, నీటి కరవుననియే చెప్పవలెను. తూర్పుకనుమలలో మట్టి క్రింద మరుగుపడిన పొరల మడతలను భూగర్భశాస్త్రజ్ఞులు అచ్చట తెరచిన పుస్తకమువలె చదువుచున్నారు.

1989లో నెలకొన్న మైత్రి కేంద్రము షిర్‌మాకర్ ఒయాసిస్సున ప్రియదర్శిని అను సరస్సు ఒడ్డున కలదు. వేసవిలో మంచుదిబ్బ కరగి నీరు జారు చోట రాయి తుప్పురంగు పట్టి పెచ్చులూడును. నాలుగడుగుల దూరమునగల పొడిరాయి చెక్కు చెదరక యుండును. అంటార్కిటికా ద్వీపకల్పమున 20వ శతాబ్ది ఉత్తరార్ధములో ఉష్ణోగ్రత దాదాపు మూడు డిగ్రీలు పెరిగినది. అట్టి చోట్ల కరగు నీరు హెచ్చిన కొలది, మలక్‌పేట గుట్టలపై అనాదిగా పనిచేయుచున్న ఆ పాత పనివాడే అచ్చటి బండలపైకిని చేరును.