వైద్యుని చేరేలోగా: పసిపిల్లలకు ప్రథమ చికిత్స
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలుగా ఈ తమిళనాట మన బిడ్డలచేత తెలుగు అక్షరాలు దిద్దించిన పాఠశాల ఇది. ఈ వేదికపై ఒక వైద్యునిగా నేను మనవి చేయదలచినది ఒక్కటే. బిడ్డకు ఆపద కలిగినప్పుడు ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం మనకు సహజం. కాని ఆ మొదటి నిమిషాలలో చేయవలసినవి కొన్నే, మానవలసినవే ఎక్కువ.

మొదట కాలిన గాయాలు. కాలినచోట నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని పెద్దలు అంటారు. అది సరికాదు. మరిగే పాలో, సాంబారో ఒంటిమీద పడిన వెంటనే ఆ భాగంపై కుళాయి నీటిని 20 నిమిషాలపాటు ధారగా పోయాలి. మిగిలిన ఒంటికి చలి సోకకుండా దుప్పటి కప్పాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగరాదు. సిరా, టూత్‌పేస్టు, పిండి, వెన్న, మంచుగడ్డ ఏవీ పనికిరావు.

గొంతులో వేరుశనగ గింజ వంటిది అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గలేక, ఏడవలేక పోతుంటే క్షణమైనా ఆలస్యం చేయరాదు. ఏడాదిలోపు శిశువును ముంజేతిపై తల కిందికి వాలేటట్లు బోర్లా ఉంచి, రెక్కల నడుమ అరచేతి అడుగు భాగంతో 5 సార్లు చరచాలి. అది ఫలించకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక కింది సగంపై రెండు వేళ్లతో 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటిన బిడ్డకు వీపుపై 5 చరుపులు; ఆపైన వెనుకనుండి పట్టుకొని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఉంచి, లోపలికీ పైకీ 5 నొక్కులు. అడ్డు తొలగేవరకు వీటిని మార్చి మార్చి చేయాలి. కంటికి కనబడని వస్తువుకోసం నోటిలో వేలు పెట్టి వెదికితే అది ఇంకా లోతుకు జారుతుంది.

కిరోసిన్ తాగిన బిడ్డచేత ఉప్పునీళ్లు తాగించి కక్కించరాదు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవులు, నోటిలో చెంచా పెట్టవద్దు. ఒక పక్కకు ఒత్తిగిలజేసి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. కుక్క కరచినచోట పసుపు, కారం అద్దక, సబ్బుతో ధారనీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆనాడే టీకాకు తీసుకువెళ్లాలి.

పాము కరచినప్పుడు తాడు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మూడూ హానికరములే. కరచిన కాలినో చేతినో కదలనీయక, బిడ్డను నడిపించక, ఎత్తుకొని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు మందు అక్కడ ఉంటుంది. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని సమకూరుస్తూ వచ్చినది చెన్నై సమీపాన వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘం. పాములను తరతరాలుగా ఎరిగినవారి శ్రమ ఆసుపత్రి మందులో ఉండగా, మనం మంత్రాలకోసం గడియలు పోగొట్టుకోవడం న్యాయం కాదు.

చివరగా ఒక విన్నపం. సహాయానికి పిలువవలసిన 108 సంఖ్యను ప్రతి బిడ్డకూ నేర్పండి. తన పేరు, వీధి, ఇంటి దగ్గరి గుర్తు తెలుగులోనే కాక తమిళంలోనూ తడబడక చెప్పేటట్లు అలవాటు చేయండి. తల్లి స్పృహతప్పి పడిన ఇంట్లో ఆ నాలుగు మాటలు చెప్పగలిగే బిడ్డయే ప్రథమ చికిత్సకుడు కావచ్చు.