అడవి దారిలో సొంత బండి



దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనంలో యాత్రికుడు తన కారును తానే నడుపుకొంటూ సింహాలను, ఏనుగులను చూడవచ్చును. ఈ వసతి 1927 నుంచి ఉన్నది. తారురోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు మించరాదు. అనుమతించిన చోట తప్ప కారు దిగరాదు. పొద్దుగూకేసరికి విడిదికి చేరుకోవలెను. ఆగి ఉన్న కారును అక్కడి మృగాలు అంతగా లక్ష్యపెట్టవు. మనిషి దిగినప్పుడే బెదరుతాయి, లేదా తిరగబడతాయి.

ఇందుకోసం బెంగళూరు వారు ఆఫ్రికా దాకా వెళ్ళనక్కరలేదు. వేసవి సెలవులలో పిల్లలతో ఊటీకి కారులో బయలుదేరిన తల్లిదండ్రులు గుండ్లుపేట దాటిన కొద్దిసేపటికి బందీపూర్ అడవిలో ప్రవేశిస్తారు. మైసూరు మహారాజావారు 1941లో వేణుగోపాల వన్యమృగ వనంగా నెలకొల్పిన అడవి ఇది. 1973లో పులుల సంరక్షణ పథకానికి తొలుత ఎంపికైన తొమ్మిదింటిలో ఒకటి. లోపలి దారులలో అటవీశాఖ వాహనాలకే అనుమతి. రహదారి మాత్రం అందరిదీ.

చిక్కంతా అక్కడే. ఏనుగు కనబడగానే బండి ఆపి, ఫోటో కోసం దిగే తండ్రులున్నారు. కోతులకు చిప్సు విసరమని పిల్లల చేతికిచ్చే తల్లులున్నారు. తరగతిలో చెప్పిన పర్యావరణ పాఠం ఆ ఒక్క నిమిషంలో చెరిగిపోతుంది. రోడ్డు పక్క తిండికి అలవాటుపడిన కోతి చివరకు ఏ చక్రం కిందనో పడుతుంది.

రాత్రివేళ వాహనాలు ఢీకొని మృగాలు మరణిస్తున్నందున 2009లో ఈ అడవి రహదారులపై రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిషేధించారు. 2010లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించినది. అంబులెన్సులకు, కొద్దిపాటి బస్సులకు మినహాయింపు ఉన్నది. అయినా వయనాడు ప్రజల ఆవేదనను తేలికగా కొట్టివేయరాదు. క్రూగర్‌లో గేటు మూస్తే ఆగేది ముఖ్యంగా విహారం. ఇక్కడ ఆగేది కూరగాయల లారీ, ఇంటికి చేరవలసిన కూలి. హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా వేరే దారి ఉన్నా అది చుట్టుదారి. వారు ఓర్చుకొనే ఆ కష్టం ముందు విహారానికి వెళ్ళేవారు కారు దిగకుండా కూర్చోవడం ఏపాటిది?

ఊటీ నుంచి తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక తీరికగా కాఫీ తాగి బయలుదేరేవారికి బందీపూర్ గేటు మూసే ఉంటుంది. సాయంకాలం నాలుగింటికే సామాను సర్దుకోవడం మేలు. ఆ వేళకు కొండ దిగితే, వెలుగుండగానే నీటికి వెళ్ళే ఏనుగుల గుంపు రోడ్డు దాటడం పిల్లలు కారు అద్దంలోంచే చూడవచ్చును.