చప్పుడును పీల్చే బట్ట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మనం షోలాపూర్‌లో సాంచాల చప్పుడు నడుమ పెరిగినోళ్లం. మన ఇండ్లలో మాట్లాడుకుంటుంటే కొత్తోళ్లు కొట్లాట అనుకుంటరు. అది కోపం కాదు, చెవుడు. ఎనిమిది గంటల పనిలో చప్పుడు 90 డెసిబెల్స్ మించొద్దని ఫ్యాక్టరీల నిబంధన. చాలా షెడ్లలో అది దాటుతది. అట్లా పోయిన వినికిడి మళ్లీ రాదు. అందుకే చప్పుడు తగ్గించే బట్ట గురించి నాలుగు మాటలు చెప్తాను.

తువ్వాలు నీళ్లు పీల్చినట్టే మందపు, మెత్తటి బట్ట చప్పుడును పీలుస్తుంది. శబ్దమంటే గాలి కదలిక. అది పోగుల సందుల్లో దూరి, రాసుకొని, కొంచెం వేడిగా మారిపోతుంది. ఉత్త గోడకు తగిలితే తిరిగొస్తుంది. పేక గట్టిగా కొడితేనే మంచి నేత అంటాం కదా, ఇక్కడ లెక్క వేరు. పై బట్ట గాలి దూరేటట్టు పలచగా నేయాలి, లోపల మందం పెట్టాలి.

మన అవ్వలు కుట్టిన బొంతే దీనికి నమూనా. పైన చేనేత నూలు బట్ట, లోపల తెగిన పోగులు, పాత తువ్వాళ్ల పీచు, గొర్రె బొచ్చు. రెండు అంగుళాల మందం. జిగురు వద్దు, దారంతో కుట్టాలి. ఫోము, ప్లాస్టిక్ పూత వద్దే వద్దు. పూత పూస్తే సందులు మూసుకుపోతయి, బట్ట మట్టిలో కూడా కలవదు. గోడకు అతికించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తది. పర్దా అయితే కిటికీ వెడల్పుకు రెండింతల బట్ట తీసుకొని కుచ్చులు పెట్టాలి.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఈ బొంత గదిలో మారుమోత తగ్గిస్తుంది, అంతే. బయటి లారీ హారన్‌ను ఆపదు. దానికి బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. జనరేటర్ లాంటి బొంగురు చప్పుడుకు పలచని బట్ట చాలదు. సాంచె పక్కన నిలబడ్డ మనిషికి చెవి బిరడాలు తప్పవు. ‘సౌండ్ ప్రూఫ్’ అని చీటీ అంటించి అమ్మితే ఒక్క ఏడు అమ్ముతం, ఆ తర్వాత పేరు పోతది. షోలాపూర్ చద్దరుకు జీఐ గుర్తింపు ఊరికే రాలేదు. బట్ట ఎంత చప్పుడు పీలుస్తుందో 0 నుంచి 1 వరకు లెక్క కడతారు. పరీక్ష కాగితం చేతికొచ్చాకే ఆ అంకె చీటీ మీద వేద్దాం. నూలుకు నిప్పు త్వరగా అంటుకుంటది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలి.

ఈ హాల్లో నా మాట మీకు రెండుసార్లు వినబడుతోంది, గమనించారా? మొదటి పన్నెండు బొంతలు ఇక్కడికే కుడదాం. తెగిన పోగులు మా సొసైటీ ఇస్తుంది. పరీక్షలు కాగానే వేలాడదీద్దాం. వచ్చే ఏడు వెనక వరుసలో కూర్చున్న మన ముసలోళ్లకు ప్రతి మాటా తెలిస్తే, అప్పుడు బళ్లకూ ఆసుపత్రులకూ పోయి ఆర్డర్లు అడుగుదాం.

సెలవు.