రూపములకును వ్యాకరణము కలదు



వర్తకులమైన మేము సరకు వాలకము చూచియే తయారు చేసినవారి పేరు చెప్పుదుము. ఆ పోలికను సూత్రములలో పెట్టవచ్చును. "ఈ గీత యున్నచోట ఆ గీత నుంచవలెను" అను నియమములతో ఆకృతులను కల్పించు రూపవ్యాకరణమును స్టైనీ, గిప్స్ పండితులు 1972లో ప్రకటించిరి. 2004లో అమెరికాలో మెకార్మాక్, కేగన్, వోగెల్ అనువారు బ్యూయిక్ కారు ముఖభాగమునకు అట్టి సూత్రములు వ్రాసి, పోలిక చెడని క్రొత్త ముఖములను పుట్టించిరి.

మన వాకిటి చుక్కలముగ్గును ఇట్టిదే. మదరాసున గిఫ్ట్ సిరోమనీ ప్రభృతులు 1974లో కోలములకును వ్యాకరణము కూర్చిరి.

యంత్రము వేయి రూపముల నీయగలదు. అందు నిలుచునది యేదో ఎన్నుటకు మనుష్యుని కన్ను కావలెను. కావున పిల్లలకు ముగ్గుతోపాటు రేఖాగణితమును నేర్పుడని కోరుచున్నాము. సూత్ర మెరిగినవాడు క్రొత్తకు వెరవడు, పోలికను పోగొట్టుకొనడు.