‘ద్రోహి’ యను పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. పురాణములు చదువుట నాకు ఈ గ్రంథాలయపు బల్లమీదనే అలవడినది. కావున నా మాటలలో చిట్టా ఆవర్జాల వాసన కొంత, పురాణముల వాసన కొంత యుండును, సహింపుడు. ఏటేట సెప్టెంబరు 17 వచ్చుసరికి వేదికలమీద ఒక మాట వినబడుచుండును. ఫలానావారు రజాకార్ల సంతతి, వారికి దేశమునందు విశ్వాసము లేదు అని. ఆ మాటను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

లెక్కలు వ్రాయువానికి మొదట నేర్పు నియమ మొకటి కలదు. ఒకని బాకీని ఇంకొకని ఖాతాలో వ్రాయరాదు. అన్నదమ్ములైనను, ఒకే ఇంటిపేరువారైనను వ్రాయరాదు. యుద్ధము వచ్చినప్పుడు ఏలికలును నాయకులును మొట్టమొదట మరచునది ఈ నియమమునే.

1948 నాటి మన హైదరాబాదు రాజ్యమును చూడుడు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు చేసిన ఘోరములు కట్టుకథలు కావు. ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పట్టుబడినవారిని వరుసగా నిలువబెట్టి కాల్చిరి. ఆ ఊరి బురుజు నేటికిని సాక్ష్యముగా నిలిచియున్నది. దానిని తక్కువచేసి చెప్పువాడను కాను. అయితే, అంతకు కొలది దినముల ముందే రజాకార్లు ద్రోహియని ముద్రవేసిన దెవరిని? షోయబుల్లాఖాన్ అను ముస్లిమును! ఆయనకు ముప్పది యేండ్లైనను నిండలేదు. మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’ పత్రికలో పనిచేసి, అది నిషేధింపబడగా ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికను నడపెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెననియు, రజాకారు దళములను రద్దుచేయవలెననియు వ్రాసెను. అదే కోరుచు కొందరు ముస్లిము ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేసెను. ఆగస్టు 21 రాత్రి ప్రొద్దుపోయిన పిదప కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి.

నెల తిరుగకమునుపే ఆ ముద్ర చేతులు మారినది. సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. తరువాతి వారములలో అనేక తావుల ‘రజాకారు’ అనిన ముస్లిము, ముస్లిమనిన రజాకారు అయిపోయెను. వీడు తుపాకి పట్టినవాడా, తుపాకికి బెదరి తలుపు మూసికొన్న పేదసాయిబా అని అడిగినవారు తక్కువ. నెహ్రూగారు పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలగువారు ఆ యేటి చివర జిల్లాలు తిరిగి నివేదిక వ్రాసిరి. రాజ్యమంతట తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది ప్రాణములు కోల్పోయిరని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువ నష్టపడినవి. ఒకచోట హిందూ నేతగాండ్రు ముస్లిము నేతగాండ్రకు అడ్డునిలిచి కాపాడిరనియు అందే వ్రాసిరి. ఎవరి ఖాతా వారి కుంచినవారు, మగ్గపు గుంటలో కూర్చుండు ఆ మనుష్యులే.

యుద్ధకాండలో విభీషణుడును ఇట్లే ఇరువైపుల ద్రోహి యనిపించుకొనెను. హితము చెప్పినందుకు రావణుడు కులమునకు చేటని తిట్టెను. సముద్రమున కీవల సుగ్రీవుడు, వీడు రావణుని తమ్ముడు, వధింపుడనెను. తక్కినవారు తలకొక అనుమానము చెప్పిరి. హనుమంతుడు మాత్రము, ఇతని మాటలోగాని ముఖమునగాని దోషము కానరాదనెను. రాముడు అభయమిచ్చెను. ఆ కాండలోని బాణములన్నిటికంటె ఈ విచారణయే గొప్పదని నా యెన్నిక.

ఇది మనదేశపు తెగులు మాత్రమే కాదు. జపాను వారు పెర్ల్ హార్బరుపై బాంబులు వేసిన పిదప, 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు చేసిన ఉత్తరువువలన, సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇండ్లనుండి వెడలించి ముళ్ళకంచెల శిబిరములలో నుంచిరి. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే. అక్కడి పశ్చిమతీరపు సేనాని డివిట్ వాదము వినుడు: ఇంతవరకు వారు ఏ ద్రోహమును చేయలేదు గనుక, చేయబోవుదురనుటకు అదియే గుర్తట! రశీదు లేకపోవుటయే బాకీకి రుజువని నేను వ్రాసినచో, ఆడిటరు నన్ను ఆ పూటనే ఇంటికి పంపును.

అయినను ఆ దేశమువారు 1988లో చట్టము చేసి, క్షమాపణ చెప్పి, అప్పటికి బ్రతికియున్న బాధితుల కొక్కొక్కరికి 20,000 డాలర్లు చెల్లించిరి. మన సుందర్‌లాల్ నివేదికయో, దశాబ్దములు మరుగున నుండి, 2013 నాటికి ఢిల్లీలో, అప్పుడు నెహ్రూ స్మారకమని పేరుగల గ్రంథాలయమున చదువరులకు దొరకినది.

మానిన గాయమును కెలకుట యెందుకని మన కార్యవర్గములోనే ఒక పెద్దమనిషి నన్నడిగిరి. ఆయనయెడ నాకు గౌరవము కలదు. కాని మానినదో లేదో గాయపడినవారు చెప్పవలెనుగాని మనము చెప్పరాదు. రజాకార్ల దురంతములను తెలుపు పుస్తకములు మన బీరువాలో ఉన్నవి; ఉండవలసినవే. ఆ వరుసలోనే ఆ నివేదిక ప్రతియు, షోయబుల్లాఖాన్ జీవితమును తెలుపు పుస్తకమును ఈ సంవత్సరపు కొనుగోలు పట్టికలో చేర్పుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. పట్టికకు అడుగున ఇంకను రెండు గీతలు ఖాళీగా నున్నవి.