పెద్ద మోటారుబండ్ల తారతమ్యము



ఒకప్పుడు జగ్గయ్యపేట, నందిగామ సంతలకు గూడుబండ్లు మువ్వల చప్పుడుతో సాగిన త్రోవయే నేడు 65వ నంబరు జాతీయ రహదారి. కీసర టోలుగేటుకడ ఒక గడియసేపు నిలిచి చూచినచో మన మెట్టసీమ యెంత మాఱినదో తెలియగలదు. చిన్నకారుల నడుమ ఎత్తుగను, వెడల్పుగను, మూడు వరుసల ఆసనములతోను నుండు పెద్దబండ్లు నానాటికి హెచ్చుచున్నవి. వీనినే ఎస్.యు.వి.లని పిలుచుచున్నారు. పేరు పరదేశమునుండి వచ్చినను కోరిక మాత్రము మన యిండ్ల నడవలలో కూర్చుండినది. కుమారుడు కొనుదమనును; తండ్రిని అప్పుపత్రముపై సంతకము చేయుమనును. సంతకము చేయవలసిన పెద్దకు మూడు ప్రశ్నలడుగు నధికారము కలదు. కూర్చుండువారికి సుఖమెంత? ఇచ్చు సొమ్మునకు విలువ యెంత? వెనుక తగిలించినదానిని లాగు బలమెంత? ఈ మూడింటినే నేడు విచారింతము.

మొదట బండ్ల జాతిభేదము తెలియవలెను. మన ఎడ్లబండిని స్మరింపుడు. పొడవున రెండు నొగలు, వానికి అడ్డముగా కూర్చిన కఱ్ఱలు, ఆపై గూడు. గూడు తీసివేసినను బండి బండియే. బరువు మోయునది, లాగుడు నోర్చునది నొగలే గాని గూడు కాదు. బొలేరో, స్కార్పియో-ఎన్, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనరు అను బండ్లు ఈ పద్ధతినే కట్టబడినవి. క్రింద నిచ్చెనవంటి ఉక్కుచట్రము, దానిపై మనుష్యులు కూర్చుండు గది. రెండవజాతి బండ్లకు వేఱు చట్రము లేదు. గదియే చట్రము, చట్రమే గది. కొబ్బరిచిప్పకు లోపల దూలములు లేకున్నను ఆకారముచేతనే గట్టిదనము వచ్చినట్లు, ఇవియు రేకుల అమరికచేతనే బలము పొందుచున్నవి. 2021వ సంవత్సరమున వెలువడిన టాటా సఫారీయు, 2022లో వెలువడిన ఇన్నోవా హైక్రాసును ఈ జాతివి.

ఇందొక చిక్కు కలదు. 1998లో పుట్టిన తొలి సఫారీ చట్రముగల బండి. 2021 నాటి సఫారీ చట్రములేని బండి. 2005లో మన దేశమునకు వచ్చిన ఇన్నోవాకు చట్రము కలదు, హైక్రాసునకు లేదు. కావున పేరునుబట్టి జాతి నిర్ణయింపరాదు. తాతపేరు మనుమనికి పెట్టినంతమాత్రమున తాతగుణములన్నియు వానికి రావుకదా! మఱియు, ఖచ్చితముగా చెప్పవలెనన్నచో ఇన్నోవాను ఎస్.యు.వి. జాతిలో చేర్చరు. అయినను మన యిండ్లలో బేరము జరుగునప్పుడు దానిని విడిచి మాటలాడువారు లేరు గనుక నేనును విడువలేదు.

ఇక సుఖము. ఈ విషయమున పడుచువారి తీర్పు వేఱు, పెద్దవారి తీర్పు వేఱు. యువకుడు అద్దపుతెరను, పాటలపెట్టెను చూచును. మోకాళ్లనొప్పిగల ముసలమ్మకు కావలసినది మెట్టు ఎత్తెంత యని. చట్రముగల బండ్లు సాధారణముగా ఎత్తైనవి. ఎక్కుటకు పట్టుకొమ్మ కావలెను, కాలు పైకెత్తవలెను. చట్రములేని బండ్లలో నేల కొంత దిగువనుండును; ఎక్కుట, దిగుట సులభము. నడకలోను వీనిదే మెత్తదనము. చట్రపుబండి బరువుతోనున్నప్పుడు కుదురుగా పోవును గాని ఒక్కడే యెక్కినప్పుడు గతుకులలో ఎగిరిపడును.

బొలేరోకు వెనుక చక్రములకడ ఎడ్లబండివారికిని లారీవారికిని తెలిసిన కమానుకట్టలే యున్నవి. అవి బరువునకు మంచివి, నడుమునకు అంత మంచివి కావు. స్కార్పియో-ఎన్‌లో చుట్టస్ప్రింగులతోపాటు వాట్ అమరిక యని యొకటి కలదు. ఆవిరియంత్రమును మెఱుగుపఱచిన జేమ్సు వాట్ పేరనే అది వాడుకలోనున్నది. వెనుక ఇరుసు ప్రక్కలకు ఊగకుండ నిలుపుటయే దాని పని. బండియొక్క బలమును కొలుచు 'గుఱ్ఱపుశక్తి' యను కొలతయు ఆ మహాశయుడు గుఱ్ఱముల పనితో పోల్చి యేర్పఱచినదే.

మూడవ వరుసను గూర్చి యొక మాట. అమ్మువాడు ఏడుగురు కూర్చుండవచ్చుననును. కూర్చుండవచ్చును, కాని మూడవ వరుసలో నెవరు కూర్చుందురన్నదే ప్రశ్న. అనేక బండ్లలో అచట మోకాళ్లు ఛాతీకి తగులును. ఇన్నోవాలలో ఆ వరుస కొంత నయము. కొనుటకు ముందు ఇంటిలోని పెద్దవారినే ఆ వెనుక ఆసనమున కూర్చుండబెట్టి, మంచిరోడ్డుపై గాక ఊరిలోని గతుకుత్రోవపై కొంతదూరము నడిపించి చూడుడు. మఱియు బండి పొడవు చూడుడు. బొలేరో నాలుగుమీటర్లకు లోపు. స్కార్పియో-ఎన్ సుమారు 4.66 మీటర్లు, ఫార్చ్యూనరు సుమారు 4.8 మీటర్లు. మన సందులు మాత్రము గూడుబండి కొలతకు పుట్టినవి. మలుపు తిరుగని బండి ఇంటివాకిటికి రాదు. అరుగుకడ నిలువని బండి పెద్దలకు సుఖము కాదు.

రెండవది విలువ. వెలలో మొదటిభాగము పన్ను. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. మార్పులచే, నాలుగుమీటర్లకు మించక, డీజిలుయంత్రము 1500 ఘనసెంటీమీటర్లకు మించక యున్న కారుకు నూటికి 18 పన్ను. ఆ హద్దులు దాటిన పెద్దబండికి నూటికి 40. బొలేరో హద్దుకు లోపల నిలిచినది. స్కార్పియో-ఎన్, సఫారీ, క్రిస్టా, ఫార్చ్యూనరు హద్దు దాటినవి. ఒక ఫార్చ్యూనరు వెలతో మూడు బొలేరోలు కొనవచ్చునన్నచో అందు బండివెల కొంత, పన్ను కొంత, గొప్పతనపు వెల కొంత. దీనిపై జీవితకాలపు పన్ను, భీమా వేఱుగా వచ్చును.

రెండవభాగము వడ్డీ. ఇరువదిలక్షలు అప్పు చేసి, నెలకు నూటికి ముప్పావలా వడ్డీ, అనగా సాలుకు తొమ్మిది వంతున, ఐదేండ్లలో తీర్చుననుకొందము. నెలకు సుమారు 41,500 రూపాయలు కట్టవలెను. మొత్తము కట్టునది సుమారు 24 లక్షల 90 వేలు. ఇట్లు కట్టి ముగించునప్పటికి బండివిలువ యెంత? భీమావారి లెక్కపట్టికలో నాలుగేండ్లు దాటి ఐదేండ్లలోపున్న బండికి వెలలో సగము తఱుగు వేయుదురు. అనగా ఇరువదియైదులక్షలు ధారపోసి, పదిలక్షల వస్తువునకు యజమానులమైతిమన్నమాట. పొలము ఐదేండ్లకు పొలముగనే యుండును. బండి యట్లు కాదు.

మూడవభాగము డీజిలు. నెలకు 500 కిలోమీటర్లు తిరిగెదమనియు, డీజిలు లీటరు నూరురూపాయలనియు పెట్టుకొందము. లీటరుకు పండ్రెండు కిలోమీటర్లు వచ్చు పెద్దబండికి సుమారు 4,170 రూపాయలు. ఇరువది వచ్చు చిన్నకారుకు 2,500. ఏటికి తేడా ఇరువదివేలు. పెద్దబండి టైర్ల వెలయు పెద్దదే. ఒక్కచోట మాత్రము పెద్దదానికిని చిన్నదానికిని భేదము లేదు, అది టోలుగేటు. కారు, జీపు, వ్యాను అను నొకే తరగతిలో అన్నియు చేరును. 2025 ఆగస్టు 15న మూడువేల రూపాయల వెలతో ప్రారంభమైన సాలుపాసు రెండువందల దాటుడులు, లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది. సొంతబండిపై తఱచు విజయవాడకు పోవు కీసరవారికి ఇది మేలు.

మూడవది లాగుడుబలము. దీనిని గూర్చి మన జిల్లావారికి వేఱుగా చెప్పవలసిన పని లేదు. బండలాగుడు పందెములు చూచినవారికి గుఱ్ఱపుబలమునకును ఎద్దుబలమునకును గల భేదము తెలియును. గుఱ్ఱము పరుగెత్తును, ఒంగోలుజాతి కోడె గిట్టలు భూమిలో నాటి, కాడికి మెడ యొగ్గి, కదలని బండను కదల్చును. యంత్రశాస్త్రమున ఈ రెండవ గుణమునకు టార్కు అని పేరు, న్యూటన్‌మీటర్లలో కొలుతురు. బొలేరోకు 210, క్రిస్టా డీజిలునకు 343, సఫారీ డీజిలునకు 350, స్కార్పియో-ఎన్ పెద్దడీజిలు చేతిగేర్ల బండికి 370, ఫార్చ్యూనరు డీజిలు చేతిగేర్లదానికి 420, తనంత గేర్లు మార్చుకొనుదానికి 500.

అయినను కోడెబలము ఒక్కటే చాలదు. కర్ణునివంటి వీరుని రథమైనను చక్రము భూమిలో క్రుంగినతోడనే నిలిచిపోయినది. వానకు తడిసిన నల్లరేగడిలో బండి సంగతియు నట్టిదే. సఫారీ, హైక్రాసులకు ముందుచక్రములే త్రిప్పబడును. బొలేరో, క్రిస్టాలకు వెనుకచక్రములే. స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనరులలో కొన్ని రకములకు నాలుగుచక్రములును త్రిప్పబడును. పొలముగట్టుకు వానకాలమున పోవలసిన పని నిజముగా నున్నవారికే ఆ యదనపు ఖర్చు సార్థకము.

అమెరికాలోని మన బిడ్డలకడకు పోయివచ్చిన పెద్దలు ఇంతకంటె భారీబండ్లను చూచియుందురు. 1935 నుండి సబర్బన్ అను పేరు అచట నడచుచున్నది. నేటి సబర్బన్ పొడవు సుమారు 5.7 మీటర్లు, లాగగల బరువు మూడున్నర టన్నుల ప్రాంతము. అచ్చటివారు పడవలను, చక్రములపై నిలిపిన చిన్న యిండ్లను వెంట లాగికొని విహారమునకు పోవుదురు. మనకు లాగవలసినది పత్తిబోరెములు, మిరపబస్తాలు. దానికి ట్రాక్టరు, ట్రక్కు ఇంట నున్నవి. కారుకు ట్రక్కు తగిలింపవలెనన్న యూహ కలిగినచో, తయారుచేసినవారి పుస్తకములో ఎంత బరువునకు అనుమతించిరో చూడవలెను; చట్టముదృష్టిలో ట్రక్కుకూడ మోటారువాహనమే, దానికిని రిజిస్ట్రేషను కావలెనని మఱువరాదు.

లాగుట సులభము, ఆపుట కష్టము. వాలులో దిగు బరువుబండి ఎద్దులను ముందుకు త్రోయునట్లే, వెనుక ట్రక్కు ముందుబండిని త్రోయును. రాత్రులందు వెనుక ఎఱ్ఱదీపము లేక, వెలుగుబిళ్లలు లేక రహదారిపై నిలిపిన ట్రక్కులు వేగముగా వచ్చు కారులకు మృత్యుద్వారములు. మీ యింటి ట్రక్కు వెనుక ఎఱ్ఱబిళ్ల యున్నదో లేదో నేడే చూడుడు. చెడిపోయిన కారును లాగునప్పుడును కొన్ని నియమములు కలవు. త్రాడు బంపరునకు కట్టరాదు, అందుకై యిచ్చిన కొక్కెమునకే కట్టవలెను. యంత్రము ఆగిన కారుకు స్టీరింగు బరువగును, బ్రేకు గట్టిపడును. కావున మెల్లగా పోవలెను. తనంత గేర్లు మార్చుకొను బండ్లను నడుపుచక్రములు నేలపై దొరలునట్లు లాగినచో గేరుపెట్టె చెడును. వానిని వేఱొక వాహనముపై ఎక్కించి తీసికొనిపోవలెను. గొలుసుతో ఒక్కసారిగా గుంజుట ప్రాణాపాయము.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. 2023 జూలై చివరను, మఱల 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి, కీసరకు సమీపముననున్న ఐతవరముకడ రహదారి మునిగి, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు నిలిచినవి. ఇట్టి వేళ 'నాది పెద్దబండి, దాటిపోగలను' అను ధైర్యము కలుగుట సహజము. లెక్క చూడుడు. బండి పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు, అడుగు వైశాల్యము సుమారు 9 చదరపుమీటర్లు. బరువు రెండుటన్నులు. అడుగును నీరు తాకిన పిమ్మట మఱి యొక్క జానెడు ఎక్కినచో రెండుటన్నుల నీటిని బండి తొలగించును; లోపలికి నీరు చొరకమునుపు అది పడవవలె తేలును. తేలినదానికి చక్రములు నాలుగైననేమి, టార్కు అయిదువందలైననేమి? నేల పట్టు తప్పినపిమ్మట ఏటిదే పెత్తనము. తయారీదారులు చెప్పు నీటిలోతు నిలకడనీటికి మాత్రమే. పాఱు నీటికి కాదు. రెండడుగుల ప్రవాహము పెద్దబండినైనను కొట్టుకొనిపోగలదు. పోలీసువారు అడ్డము పెట్టినచోట ఆగుట పిఱికితనము కాదు.

కడపట నా సలహా సంక్షేపముగా వినుడు. ఇద్దరు ముగ్గురే యుండి పట్టణమునకు పోయివచ్చువారికి పెద్దబండి యక్కఱలేదు. పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు ఇంటిల్లిపాదిని తీసికొనిపోవు కుటుంబమునకు ఇన్నోవావంటి బండి పెద్దలకు సుఖకరము. తక్కువవెలలో మోటుపనికి, మట్టిత్రోవకు బొలేరో చాలును. పొలము, దూరప్రయాణము రెండును గలవారికి స్కార్పియో-ఎన్ తగినది. సొమ్ము చేతనుండి, అప్పు లేక, నిజముగా కొండత్రోవల పని గలవాడు ఫార్చ్యూనరు కొన్నచో కాదనువారు లేరు. అప్పు చేసి గొప్పకై కొనువానిని మాత్రము ఆపవలసిన బాధ్యత పెద్దలది. ఏ బండి కొన్నను ప్రమాదపరీక్షలో దానికెన్ని నక్షత్రములు వచ్చినవో అడుగుడు. వెనుక వరుసలవారిచేతను నడుముపట్టీ కట్టింపుడు. పొలము తాకట్టు పెట్టి బండి కొనుటకు మాత్రము సంతకము చేయకుడు.