వైద్య పరిశోధనలో పల్లె పాత్ర

కొన్నేళ్ళ క్రిందట జానపద గేయాలు రికార్డు చేసే పనిమీద అచ్చంపేట ప్రాంతంలో తిరుగుతున్నాము. ఒక ఊళ్ళో వేపచెట్టు క్రింద అరుగుమీద కూర్చున్న అవ్వ ఒకామె మా సరంజామా అంతా పరకాయించి చూసి నన్ను దగ్గరకు పిలిచింది. "ఏం రాసుకపోతవ్ బిడ్డా? మా ఊరికి శానమంది వస్తరు, రాసుకపోతరు. రాసుకపోయినోళ్ళు ఏం రాసిన్రో మళ్ళ వచ్చి చెప్పింది లేదు" అన్నది. పాటలకోసం వచ్చామని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను గాని, ఆమె అడిగినదానిలో న్యాయం ఉన్నది. ఈ ప్రసంగం కొంతవరకు ఆమెకు బాకీపడిన జవాబు.

శ్రోతలు క్లినికల్ ట్రయల్ అనే మాట వినే ఉంటారు. ఒక మందుగాని, టీకాగాని, చికిత్సా పద్ధతిగాని నిజంగా మేలు చేస్తున్నదా, చేస్తే ఎంత, కీడేమైనా ఉన్నదా అని మనుష్యుల సమ్మతితో, ముందుగా వ్రాసుకొన్న నియమాల ప్రకారం పరీక్షించి చూడడమే అది. ఇదంతా హైదరాబాదు వంటి నగరాలలో పెద్ద ఆసుపత్రుల వ్యవహారమనీ, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వారికి దీనితో నిమిత్తం లేదనీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రపంచ వైద్యులు చదివే పరీక్ష ఒకటి మన నాగర్‌కర్నూలు పల్లెలలోనే జరిగింది. దాని పేరు చాంపియన్.

అప్పటికి నాగర్‌కర్నూలు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక డివిజను మాత్రమే. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తులతోపాటు అదికూడా జిల్లా అయింది. 2000 తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 44 మంది నెల తిరగకుండానే కన్నుమూసేవారు. నల్లమల అంచు పల్లెలలో పరిస్థితి అంతకంటె హీనం. పురిటి గదిలోనే పోయిన బిడ్డకు చాలా ఇళ్ళలో పేరుకూడా పెట్టరు, లెక్కలోనూ చెప్పరు. ఈ మరణాలను నాలుగో వంతైనా తగ్గించగలమా అన్నది ఆ పరిశోధకులు వేసుకున్న ప్రశ్న. నాంది ఫౌండేషన్ క్షేత్రంలో పని నడిపింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన నిపుణులు పరీక్షా విధానంలోనూ లెక్కలలోనూ పాలుపంచుకున్నారు.

2007 ఆగస్టు నుంచి నవంబరు వరకు ఇంటింటి లెక్కలు తీశారు. 2,500 కంటె తక్కువ జనాభాగల 464 ఊళ్ళు తేలాయి. 2008 ఫిబ్రవరి 18న ఆ ఊళ్ళను చీటీలు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. ఒక్కొక్క భాగానికి 232 ఊళ్ళు. ఆసుపత్రికి ఎంతసేపటి ప్రయాణం, గిరిజనుల ఊరా కాదా అన్నవి చూసి, రెండు వైపులా సమంగా పడేటట్లు జాగ్రత్త తీసుకున్నారు. మొదటి భాగపు ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు స్త్రీలను కూడగట్టి గర్భిణీ రక్షణను గురించి, పసిబిడ్డ పోషణను గురించి చర్చలు నడిపారు. సంచార బృందాలు ఊరిలోకే వచ్చి గర్భిణులను పరీక్షించాయి. ప్రైవేటు ఆసుపత్రులలో రాయితీమీద వైద్యం ఏర్పాటయింది. రెండవ భాగపు ఊళ్ళకు ఇవి లేవు. వాటికి బదులుగా ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు అదనపు చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. అదీ ఒక పరీక్షే, దాని పేరు స్ట్రైప్స్. ఆ పిల్లలు లెక్కలలోనూ భాషలోనూ ముందుకు వచ్చారని తరువాత తేలింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. పక్క ఊరికి డాక్టరు వస్తూ ఉంటే మా ఊరికి ఎందుకు రాకూడదు? చీటీలో ఎవరి అదృష్టం ఎట్లా పడితే అట్లా బిడ్డల ప్రాణాలా? నేనూ మొదట ఇట్లాగే అనుకున్నాను. కాని చీటీ వేయకపోతే ఏమవుతుందో ఆలోచించండి. రోడ్డు పక్కనున్న ఊరు, సర్పంచి చురుకైనవాడుగా ఉన్న ఊరు, నాలుగు అక్షరాలు వచ్చినవారున్న ఊరు ముందుగా ఎంపికవుతాయి. అక్కడి బిడ్డలు బ్రతికితే అది ఏర్పాటు మహిమో, రోడ్డు మహిమో ఎవరు చెప్పగలరు? పైగా ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో ఆనాటికి ఎవరికీ తెలియదు. తెలిసి దాచిపెట్టడం వేరు, తెలియక తెలుసుకోవడం వేరు.

పని 2008 ఆగస్టు 1న మొదలై 2011 మే 31 వరకు నడిచింది. లెక్కల సేకరణ అదే ఏడు నవంబరు ఆఖరుకు ముగిసింది. రెండు వైపులా కలిపి 29 వేలకు పైగా స్త్రీలు నమోదయ్యారు. కాన్పుకు పుట్టింటికి పోయే ఆచారం ఉన్నచోట, పనికోసం కుటుంబాలు ఊరు విడిచి వలసపోయే పాలమూరులో, ఇంతమందిని వెంబడించి లెక్కలు తీయడం మాటలు కాదు. వైద్యం అందిన ఊళ్ళలో 5,798 మంది శిశువులు పుట్టగా 303 మంది మొదటి 28 రోజులలో చనిపోయారు. రెండవ భాగంలో పుట్టినవారు 4,998 మంది, పోయినవారు 343 మంది. వేయికి లెక్కవేస్తే ఒకచోట సుమారు 52, మరొకచోట సుమారు 69. ఈ ఏర్పాటువల్ల 92 మరణాలు తగ్గి ఉంటాయని పరిశోధకులు అంచనా కట్టారు. అయితే ఇటువంటి అంచనాకు హద్దులుంటాయి. ఆ సంఖ్య 31 కావచ్చు, 152 కావచ్చునని వారే వ్రాశారు.

తల్లుల మరణాలు మాత్రం తగ్గలేదు. రెండవ భాగంలో తొమ్మిది, వైద్యం అందిన భాగంలో 13. ఇంత చిన్న సంఖ్యలనుబట్టి మంచిగాని చెడుగాని తేల్చడానికి వీలులేదు. అయినా ఆ అంకెను దాచకుండా బయట పెట్టారు. ఏ ఊరికి ఏమి దక్కిందో అందరికీ తెలుసు గనుక లెక్కలలో కొంత పక్షపాతం దొర్లవచ్చునని కూడా ఒప్పుకున్నారు. మంచి పరీక్షను గుర్తుపట్టడానికి నాకు తెలిసిన గురుతు ఇదే. ఫలితాలు 2017లో ప్లాస్ మెడిసిన్ అనే పత్రికలో ఇంగ్లీషులో వెలువడ్డాయి. ఆ పత్రిక చదివే అవ్వలు మన పల్లెలలో ఉండరు గదా! అందుచేతనే ఈ అంకెలను ఇంత వివరంగా మీకు మనవి చేశాను. రెండవ భాగపు ఊళ్ళ తల్లులు లేకపోతే మొదటి భాగపు అంకెకు అర్థమే లేదు. వారి ఇళ్ళలో పోయిన 343 మంది శిశువుల లెక్కకూడా ఈ శాస్త్రంలో చేరి ఉన్నది.

జనానికి భయం ఊరికే పుట్టలేదు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యం ఛేదించినప్పుడు, హుసేన్ ఖాన్ అనే రోగి తనను దోమలచేత కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ముట్టింది ఒక అణా. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. అది పాత కాలమనుకుందామా? 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పధ్నాలుగేళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా టీకాలు వేశారు. వారిలో గిరిజన వసతిగృహాల పిల్లలు చాలామంది. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. అసలు తప్పు మరొకచోట బయటపడింది. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు అనేకచోట్ల వార్డెన్లు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా ఖండించింది. టీకా మంచిదైనంతమాత్రాన అడగకుండా వేయడం మంచిది కాజాలదు.

ఈ అనుభవాల తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి. కొత్త మందుల పరీక్షలకు 2019 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమావళి తెచ్చింది. దానిప్రకారం ప్రతి పరీక్షకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాక బయటి సామాన్యుడొకరు, స్త్రీ ఒకరు తప్పక ఉంటారు. సంగతంతా మీకు తెలిసిన భాషలో చెప్పి, వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. చదువురాని వారైతే నిష్పక్షపాతియైన సాక్షి ఒకరు పక్కన ఉండాలి. పరీక్షలో దెబ్బతింటే వైద్యం ఉచితం. పరీక్ష కారణంగా ప్రాణహాని జరిగితే నష్టపరిహారం. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా కూడా మానుకోవచ్చు. మానుకున్నందువల్ల మామూలుగా మీకు అందే వైద్యానికి లోటు రాకూడదు.

ఒక చిక్కు చెప్పి తీరాలి. ఆరోగ్యవంతులైన యువకులు డబ్బుకోసం నగరానికి పోయి మందుల పరీక్షలలో చేరడం ఉన్నది. చేరడం నేరం కాదు. కాని ఒకచోట రక్తమిచ్చి, గడువు తీరకముందే ఆ సంగతి దాచి ఇంకొకచోట చేరితే ఒంటికి ముప్పు, పరీక్షకూ ముప్పు. ఇంట్లోవారికి తెలియకుండా పోయేవారిని గురించి నాకు మరీ బెంగ.

ఇకముందు మన ప్రాంతంలో ఇటువంటి అవకాశాలు పెరగవచ్చు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కళాశాల ఉన్నచోటికి పరిశోధన కూడా వస్తుంది. మధుమేహం, రక్తపోటు, క్షయవంటి వాటిమీద పరీక్ష జరుగుతున్నదని మీ డాక్టరు చెప్పితే వెంటనే భయపడి లేచిపోనక్కరలేదు, వెంటనే తల ఊపనూ అక్కరలేదు. ఏ మందు? దీనిని ఇంతకుముందు ఎవరిమీదనైనా పరీక్షించారా? నేను చేరకపోతే నాకు దొరికే వైద్యమేమిటి? రాకపోకల ఖర్చు ఎవరిది? రాత్రివేళ ఏమైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలి? ఫలితం మాకు చెప్తారా? ఇవన్నీ అడగండి. ఇంటికి పోయి ఆలోచించి వస్తామని చెప్పే హక్కు మీకున్నది.

దేశంలో జరిగే మందుల పరీక్షలను నమోదుచేసే కేంద్ర పట్టిక ఒకటి 2007 జూలై నుంచి ఉన్నది. దాని పేరు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా. 2009 జూన్ నుంచి ఆ నమోదు తప్పనిసరి అయింది. ఇంటర్నెట్టులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కాలేజీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే, సంతకానికి ముందు ఆ పరీక్ష పేరు అందులో ఉన్నదో లేదో వెతికి చెప్పమనండి. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి మీకు ఇవ్వవలసిందే. దానిని పట్టా పాసుపుస్తకం, రేషను కార్డు ఉంచే పెట్టెలోనే ఉంచండి. దానిమీద డాక్టరు పేరూ, ఫోను నంబరూ ఉన్నవా లేవా అని మాత్రం అక్కడికక్కడే చూసుకొని మరీ తీసుకోండి.